సాక్షి బోనెక్కితే ఒట్టు వేయవచ్చా?

సందేహాలు – సమాధానాలు

*మా పక్క పొలం అన్నదమ్ముల గట్టు తగాదా కోర్టుకెక్కింది. పాత గట్టు ఎక్కడుండేదో చూసినవాణ్ణి కాబట్టి సాక్ష్యానికి రమ్మని నాకు సమన్లు వచ్చాయి. యేసు ప్రభువు ఒట్టు వద్దన్నాడు గనుక బోనెక్కితే పాపమని మా సంఘపెద్ద ఒకాయన అంటున్నారు. వేరే సంఘం పాస్టరుగారేమో, అధికారులు అడిగినప్పుడు తప్పులేదంటున్నారు. వాయిదా దగ్గరపడింది. ఎవరి మాట వినాలి?*
– ఒక రైతు, జడ్చర్ల

వాయిదాకు తప్పకుండా వెళ్లండి. ముందు ఈ మాట చెప్పి తర్వాత వాక్యంలోకి వస్తాను. మీరు వెళ్లకపోతే నష్టపోయేది మీ పక్క పొలంవాళ్లలో న్యాయం ఎవరివైపు ఉందో ఆ మనిషి. తెలిసిన సంగతి చెప్పకుండా ఊరుకున్నవాడు దోషి అవుతాడని లేవీయకాండము 5వ అధ్యాయం మొదటి వచనమే అంటోంది. బోనెక్కడం పాపమేమోనన్న భయంతో ఇంకో పాపం తలకెత్తుకోవద్దు.

ఇక ఒట్టు సంగతి. మన దేశంలో 1969 నాటి ప్రమాణాల చట్టం ఉంది. సాక్షి ఒట్టుకు బదులు ధ్రువీకరణ చేయవచ్చని దాని 5వ సెక్షన్ చెబుతోంది. అంటే 'దేవుని పేరిట ప్రమాణం చేస్తున్నాను' అనే మాట వదిలి, 'సత్యమే చెబుతానని గంభీరంగా ధ్రువీకరిస్తున్నాను' అంటే చాలు. రెండింటికీ కోర్టులో ఒకే విలువ. అబద్ధమాడితే రెండింటికీ ఒకే శిక్ష. మీ పేరు పిలిచినప్పుడు బెంచి క్లర్కుకు నెమ్మదిగా చెప్పండి, 'అయ్యా, నేను ధ్రువీకరణ చేస్తాను' అని. ఎవరూ తప్పుపట్టరు. సినిమాల్లో చూపించినట్టు గ్రంథం మీద చెయ్యి పెట్టాలన్న నియమం కూడా ఆ చట్టంలో లేదు. కాబట్టి మీ మనస్సాక్షికి వచ్చిన చిక్కు రెండు నిమిషాల్లో తీరిపోతుంది.

అయినా వాక్యం ఏమంటుందో తెలుసుకోకుండా చట్టం దారి చూపించి వదిలేస్తే నేను మీకు సగమే జవాబు ఇచ్చినట్టు. మత్తయి 5వ అధ్యాయం 33 నుంచి 37 వరకు నిదానంగా చదవండి. ఆ కాలపు యూదుల్లో ఆకాశం తోడనీ, భూమి తోడనీ, యెరూషలేము తోడనీ, తన తల తోడనీ ఒట్టు వేయడం రివాజు. దేవుని పేరు నేరుగా ఎత్తలేదు గనుక తర్వాత తప్పించుకోవచ్చన్నది అందులోని లెక్క. మత్తయి 23వ అధ్యాయంలో ప్రభువు ఆ లెక్కను బయటికి లాగాడు. దేవాలయం తోడంటే పట్టింపు లేదట, దేవాలయపు బంగారం తోడంటే కట్టుబడాలట! మన ఊళ్లలో పిల్లలు ఒట్టు వేసి మరునిమిషంలో 'ఒట్టు తీసి గట్టున పెట్టు' అంటారే, ఆ ఆటనే పెద్దలు శాస్త్రంగా చేసుకున్నారన్నమాట. ప్రభువు కోపం ఆ ఆట మీద. ఏ ఒట్టూ అవసరం లేనంత గట్టిగా మీ మామూలు మాట ఉండాలన్నది ఆయన ఆజ్ఞ.

మరి గంభీరమైన సమయంలో దేవుణ్ణి సాక్షిగా పిలవడం కూడా నిషేధమేనా? ఇక్కడే సంఘాలు రెండు దారులైపోయాయి. 1527లో స్విట్జర్లాండులోని ష్లైథైమ్‌లో అనాబాప్టిస్టులు ఒప్పుకొన్న ఏడు సూత్రాల్లో చివరిది ఒట్టు గురించే: ఎట్టి పరిస్థితిలోనూ వద్దని. మెన్నోనైట్లు ఆ సంప్రదాయం వాళ్లే. మీ పాలమూరు ప్రాంతంలో మెన్నోనైట్ బ్రదరన్ (ఎం.బి.) సంఘాలు ఎక్కువ గనుక మీ సంఘపెద్దగారి పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమవుతోంది. దానికోసం ఆ విశ్వాసుల పూర్వులు జైళ్లకు వెళ్లారు, దేశాలు విడిచారు. దాన్ని చాదస్తమని తీసిపారేయకండి. మరోవైపు ఆంగ్లికన్ సంఘం 39 విశ్వాస సూత్రాల్లో, విచిత్రంగా అక్కడా చివరిదే, ఒట్టు గురించి ఉంది. వ్యర్థమైన ఒట్టు కూడదు, న్యాయాధికారి అడిగినప్పుడు సత్యంతో, న్యాయంతో ప్రమాణం చేయవచ్చు అని. ఆ పాస్టరుగారు అంటున్నది అదే.

నా అభిప్రాయం అడిగారు గనుక చెబుతాను. రెండో దారి వాక్యానికి దగ్గరగా ఉందని నేను నమ్ముతాను. పౌలు గలతీయులకు రాస్తూ తన మాటకు దేవుణ్ణి సాక్షిగా పిలిచాడు. దేవుడే అబ్రాహాముకు తన తోడని ప్రమాణం చేసిన సంగతి హెబ్రీ పత్రిక 6వ అధ్యాయంలో ఉంది. అన్నిటికంటే ముఖ్యం, యేసు ప్రభువు కయప ఎదుట నిలబడిన రాత్రి. అబద్ధ సాక్షులు మాట్లాడుతున్నంతసేపూ ఆయన మౌనంగా ఉన్నాడు. ప్రధాన యాజకుడు జీవముగల దేవుని తోడని ఆనబెట్టగానే జవాబిచ్చాడు. ఆ జవాబుకు మరణశిక్ష పడుతుందని తెలిసే ఇచ్చాడు. అదే రాత్రి, అదే ఇంటి ముంగిట చలిమంట దగ్గర పేతురు ఒట్టు పెట్టుకున్నాడు, ఆ మనిషిని ఎరుగనని. అధికారి ఆనబెట్టినప్పుడు జవాబిచ్చినవాడు నిజం చెప్పాడు, తనంతట తానే ఒట్టు వేసినవాడు అబద్ధమాడాడు.

ఇంకొక్క మాట. బోనులో ఏ పదాలతో మొదలుపెట్టారన్నదాని కంటే తర్వాత ఏం చెబుతారన్నది పెద్ద సంగతి. వకీలు నేర్పిన మాటలు వల్లె వేయకండి. గట్టు చింతచెట్టుకు ఇటువైపా అటువైపా అన్నది గుర్తులేకపోతే గుర్తులేదనే చెప్పండి. ఒకపక్క ధ్రువీకరణ చేసి మరోపక్క చూడనిది చూశానంటే ఆ సంఘపెద్దగారూ, ఆ పాస్టరుగారూ ఇద్దరూ కలిసి మిమ్మల్ని తప్పుపడతారు.

*అయ్యగారూ, నా భర్త తాగుడు మానేస్తానని మా ఇద్దరు పిల్లల తలమీద చెయ్యి పెట్టి, బైబిలు పట్టుకుని ఒట్టు వేశాడు. పదిహేను రోజులకే మళ్లీ తాగాడు. ఆ వారమే చిన్నవాడికి జ్వరం పట్టుకుంది, ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఒట్టు తప్పినందుకే పిల్లాడికి తగిలిందని మా అత్తగారు అంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర రావడం లేదు.*
– ఒక సోదరి, బాపట్ల జిల్లా

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట ఒక పని చేయండి. బాబును వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. ఇన్ని రోజులు తగ్గని జ్వరానికి రక్తపరీక్ష కావాలి. దాన్ని వాయిదా వేసి ఉపవాస ప్రార్థన పెట్టుకోవద్దు; రెండూ చేయండి, కానీ డాక్టరు ముందు.

ఇప్పుడు మీ భయం గురించి. తండ్రి ఒట్టు తప్పితే దేవుడు కొడుకును కొడతాడా? కొట్టడు. యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం ఈ ఒక్క ప్రశ్నకే జవాబు. తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయని ఇశ్రాయేలీయుల్లో ఒక సామెత ఉండేది. ఇకమీదట ఆ సామెత పలకడానికి వీల్లేదని దేవుడే చెప్పాడు. తండ్రి దోషం కొడుకు మోయడు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు మీ అత్తగారిలాగే అడిగారు, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని. ఎవరిదీ కాదన్నాడు ప్రభువు. మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి. 'నీ మీద ఒట్టు', 'బిడ్డ తోడు' అని తరతరాలుగా పలుకుతున్న ఇళ్లలో పెరిగినవాళ్లం మనమంతా. బాప్తిస్మం తీసుకున్నా ఆ భయం అంత తొందరగా పోదు. ఆవిడ పక్కన కూర్చుని ఆ యెహెజ్కేలు అధ్యాయం మెల్లగా చదివి వినిపించండి.

పిల్లల తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేయడం మాత్రం మీ ఇంట్లో ఈరోజుతో ఆగిపోవాలి. తన తల మీద కూడా ఒట్టు వేసుకోవద్దన్నాడు ప్రభువు, ఒక్క వెంట్రుకను నల్లగానో తెల్లగానో చేసే శక్తి మనకు లేదు గనుక. మన తలే మన చేతిలో లేనప్పుడు పసివాడి తలను పందెంగా పెట్టే హక్కు ఎవరిచ్చారు? న్యాయాధిపతుల గ్రంథంలో యెఫ్తా తొందరపడి మొక్కుకుని కూతురి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. హేరోదు విందులో గొప్పకు పోయి ఒట్టు వేసి, దాన్ని నిలబెట్టుకోవడానికి బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించాడు. బైబిలు ఈ కథలు చెప్పింది మనల్ని మెచ్చుకోమని కాదు.

నేను పరిచర్యలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక పొరపాటు చేశాను. ఒక ఊళ్లో వేసవి సెలవుల బైబిలు బడి (వి.బి.ఎస్.) ఆఖరి రోజున పిల్లలందరితో బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఇక అబద్ధమాడమని ఒట్టు వేయించాను. మరుసటి ఏడాది వెళ్తే వాళ్లలో చురుకైన పిల్లవాడొకడు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, ఒట్టు తప్పాను గనుక గుడికి వస్తే కళ్లు పోతాయేమోనని భయపడ్డానన్నాడు. ఆ బిడ్డను ప్రభువు దగ్గరికి తేవలసిన నేనే దూరం చేశాను. ఆనాటి నుంచి ఏ పిల్లవాడి చేతా, ఏ తాగుబోతు చేతా నేను ఒట్టు వేయించలేదు.

మీ భర్తకు ఒట్టు ఎందుకు పనిచేయలేదో కూడా చూడండి. ఆయన ఆ పూట అబద్ధం చెప్పి ఉండడు, నిజంగానే మానాలనుకుని ఉంటాడు. తాగుడు అలవాటు దాటి జబ్బయ్యాక మనసులో ఎంత గట్టిగా అనుకున్నా శరీరం లాగేస్తుంది. చాలాకాలంగా రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. అందుకే డాక్టరు కనుసన్నల్లోనే మాన్పించాలి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. 14446 అనే నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రం చెబుతారు. తొందరపడి వేసిన ఒట్టు తప్పినవాడు ఏం చేయాలో లేవీయకాండము 5వ అధ్యాయంలోనే ఉంది: తన తప్పు ఒప్పుకోవాలి. శాపం వెతుక్కోమని అక్కడ లేదు. ఆయన మీ ముందూ దేవుని ముందూ ఒప్పుకుంటే మీరు 'మళ్లీ ఒట్టు వెయ్యి' అనకండి. 'రేపు ఆసుపత్రికి వస్తావా?' అని అడగండి. రేపటికి అవునంటే చాలు. ఎల్లుండి మళ్లీ అడుగుదురు.

*నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సును. రోగుల బాధ చూసి ప్రభువు గురించి చెప్పాలనిపిస్తుంది. మా సంఘంలో అందరూ కరపత్రాలు తీసుకెళ్లి వార్డులో పంచమంటున్నారు. పంచకపోతే సువార్త విషయంలో సిగ్గుపడినట్టేనా?*
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

వార్డులో కరపత్రాలు పంచవద్దు. ఇది పిరికితనంతో ఇస్తున్న సలహా కాదమ్మా.

మంచం మీద ఉన్న మనిషి మీకు 'వద్దు' అని చెప్పగలడా? సెలైన్ పెట్టేది మీరు, నొప్పి ఇంజెక్షన్ ఇచ్చేది మీరు. మీ చేతిలో కాగితం చూసి ఆయన తీసుకుంటాడు, మీరు చెప్పిందానికి తల ఊపుతాడు. అది విశ్వాసమో మొహమాటమో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. రాజ్యాంగం 25వ అధికరణం మన మతాన్ని అనుసరించడానికీ, ప్రచారం చేయడానికీ అందరికీ హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద మనవాళ్లలో చాలామందికి అభ్యంతరాలున్నాయి. వాటిని పక్కనపెట్టినా, డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి రోగి నిస్సహాయతను అవకాశంగా తీసుకోకూడదన్నది చట్టం చెప్పకముందే ప్రేమ చెప్పే మాట.

మన నేల మీదే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది అక్కడ పనిచేసి బతికారు. బాప్తిస్మం కావాలని జనం అడుగుతున్నా, కరువు పనులు సాగుతున్నన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని. పనులు ముగిశాక, ఇక పెట్టడానికి చేతిలో ఏమీ లేనప్పుడు కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మనవాళ్లు వేదికల మీద గొప్పగా చెబుతారు. దానికి ముందు ఆయన ఆగిన నెలల గురించి చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఆ ఆగడమే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

జనం అలా గుంపులుగా బాప్తిస్మానికి వచ్చిన ఆ ఉద్యమం మొదలైంది కూడా మిషనరీతో కాదు. యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారితో. 1866లో బాప్తిస్మం తీసుకున్న ఆయన, తోళ్ల కోసం ఎలాగూ ఊరూరా తిరుగుతాడు. తిరిగిన చోటల్లా తనకు తెలిసింది తనవాళ్లకు చెప్పాడు. ఆయన మాట వాళ్లు విన్నది ఎందుకు? బేరంలో, బాకీలో ఆయన ఎలాంటివాడో వాళ్లకు ముందే తెలుసు గనుక. దోర్నకల్లు బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన ఆయన, కొత్తగా బాప్తిస్మం పొందిన ప్రతివాడి చేతా తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాట పలికించేవాడు. కూలివాడైనా, చదువురాని అవ్వ అయినా సరే. సువార్త పాస్టర్ల పని అని వదిలేయకూడదన్నది ఆయన పట్టు.

కాబట్టి చెప్పండి, కానీ నర్సు కుర్చీలోంచి కాదు. ఎవరైనా వాళ్లంతట వాళ్లు, 'ఏమమ్మా, ఇంత ఓపిక నీకెక్కడిది?' అని అడిగితే పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం చెప్పినట్టు సాత్వికంతో, గౌరవంతో ఒక మాట చెప్పండి. ప్రార్థన చేయమని అడిగితే చేయండి. నయమాను ఇంట్లో పనిపిల్ల చెప్పింది ఒక్క మాటే: మా ఊళ్లో ప్రవక్త ఉన్నాడు, ఆయన దగ్గరికి వెళ్తే బాగుండును అని. ప్రభువు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో ఒక్కడే తిరిగివచ్చాడు. తక్కిన తొమ్మిదిమందికి ఆయన స్వస్థత వెనక్కి తీసుకోలేదు. మీ వార్డులో ఆ తొమ్మిదిమందికి కూడా ఒకేలా డ్రెస్సింగ్ చేయండి.

*తెల్లవారుజామున మూడింటికి లేచి మార్కెట్టుకు పోయి సరుకు తెచ్చుకుని, ఆరింటికి రైతుబజారులో కొట్టు తెరుస్తాను. రాత్రి పడుకునేసరికి పది. ఉదయకాల ప్రార్థన చేయనివాడి విశ్వాసం చచ్చినదని మా కూడికలో అన్నారు. నా విశ్వాసం చచ్చినదేనా?*
– ఒక అక్క, రాజమహేంద్రవరం

కాదక్కా. ఆ మాట అన్నవారు మూడింటికి లేచి బస్తా మోసి ఉండరు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు అన్నాడు. ఉదయం ఫలానా గంటకు మోకరించని విశ్వాసం మృతమని అనలేదు.

ప్రార్థన వద్దని నేను అనడం లేదు. ఆటోలో సరుకుతో వస్తున్నప్పుడు మీకు నోటికి వచ్చిన కీర్తన ఒకటి పాడుకోండి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మన అమ్మమ్మలు నాట్లు వేస్తూ, పిండి విసురుతూ పాడుకున్నవే కదా. మధ్యాహ్నం బేరం లేని వేళ నాలుగు వచనాలు చదవండి, చదువు రాకపోతే ఫోనులో వినండి. ఆదివారం ఒక్కపూట కొట్టు మూయగలిగితే మూయండి. అలసిపోయి రాత్రి ఒక్క వాక్యంలో ప్రార్థించి నిద్రపోయినా తండ్రికి కోపం రాదు.

ఒక్కటి మాత్రం మిమ్మల్ని అడుగుతాను. మీ తక్కెడ సరిగ్గా ఉందా? లేవీయకాండము 19వ అధ్యాయం, అబద్ధ ప్రమాణం వద్దన్న అదే అధ్యాయం, న్యాయమైన త్రాసు, న్యాయమైన తూనికరాళ్లు ఉంచుకొమ్మని కూడా చెప్పింది. నిన్నటి టమాటాను ఈరోజుదని అమ్మకపోవడం, 'యేసయ్య తోడు, నాకే కిలో ఇరవై పడింది' అని బేరంలో ప్రభువును ఈడ్చకపోవడం, ఇవి కూడా మీ దినదిన ఆరాధనే. ఉదయం ప్రార్థన తప్పినరోజు మీరు బాధపడుతున్నారు, మంచిదే. తూకం తప్పినరోజు కూడా అంతే బాధపడితే మీ విశ్వాసం బతికే ఉందని నేను రాసిస్తాను.

*కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాను. ఇక్కడ శుక్రవారం కూడికలో ఆవేశంగా ఉన్నప్పుడు మా ఊరి మందిరం కట్టడానికి లక్ష రూపాయలు ఇస్తానని నిలబడి మొక్కుకున్నాను. ఇప్పుడు మా అమ్మకు ఆపరేషన్ అన్నారు. డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. మొక్కు తప్పితే దేవుడు నన్ను లెక్క అడుగుతాడా?*
– ఒక సోదరుడు, సొంతూరు రాజంపేట

మొక్కు చిన్న విషయం కాదు తమ్ముడూ. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడం మేలని ప్రసంగి 5వ అధ్యాయం హెచ్చరిస్తోంది. కానీ మార్కు 7వ అధ్యాయం కూడా చదవండి. తల్లిదండ్రులకు పెట్టవలసిన దాన్ని 'కొర్బాను', అంటే దేవునికి అర్పితం అని చెప్పి ఎగ్గొట్టిన పరిసయ్యులను ప్రభువు ఎంత కఠినంగా మందలించాడో అక్కడ ఉంది. తల్లి వైద్యాన్ని ఆపి కట్టిన గోడను ఆయన తన మందిరంగా ఎంచడు.

ఈ శుక్రవారం కూడికకు ముందే మీ ఊరి పాస్టరుగారికి ఫోన్ చేసి, 'అన్నా, లక్ష అన్నాను, ఇప్పుడు ఇవ్వలేను, అమ్మకు ఆపరేషన్ ఉంది' అని ఉన్నదున్నట్టు చెప్పండి. మౌనంగా తప్పుకోకండి, అందరి ముందూ ఇచ్చిన మాట గనుక చెప్పే బాధ్యత మీదే. ఆపరేషన్ ఖర్చు తీరాక నెలకు వెయ్యో రెండువేలో పంపగలిగితే పంపండి, అదీ చేయగలననుకుంటేనే మాటివ్వండి. డబ్బు మాత్రం ఈరోజే అమ్మగారి ఆసుపత్రికి పంపించండి.